మూడో కాలు

దియెప్, ముందు నీ బూట్లు చూపించు.
అడుగున బురద గీక్కుని రా, ఆ రాయి ఉన్నది అందుకే.
రాత్రంతా మంచు పడింది, మెట్లు తడిగా ఉన్నాయి,
ఇవాకి కొండ ఇంకా దుప్పటి తియ్యలేదు.
పండ్లు ఎక్కడికీ పోవు,
హిరోసాకి లారీ పదింటికి గానీ రాదు.

కొట్టంలో అయిదు నిచ్చెనలు, అయిదు రకాల బుద్ధులు.

గోడకి ఆనించేది ఒంటిది,
గోడ లేకపోతే దానికి బతుకే లేదు.
నాలుగు మూరలు పైకి పోతే ఒక మూర ఇవతలికి దాని పాదం.
మరీ నిటారుగా పెట్టావా, వెనక్కి విసిరేస్తుంది.
మరీ వాల్చావా, కింద నుంచి మెల్లగా జారుకుంటుంది
అప్పు తీసుకున్న చుట్టంలా.

జోడు నిచ్చెన ఇంట్లోకి, బల్బులు మార్చడానికి.
రెండు రెక్కలూ పూర్తిగా విప్పి
మధ్య బద్దీ టక్కుమనే దాకా నొక్కు.
ముడిచిందాన్నే గోడకి చేరేసి ఎక్కే తెలివిమంతులుంటారు.
మా మరిది అలాంటివాడే.
ఇప్పుడు కుంటుతూ మనకి టీ తెస్తాడు.

ఆ సాగే అల్యూమినియంది జనవరిలో బయటికొస్తుంది,
కప్పు మీది మంచు పారతో తోసెయ్యడానికి.
పైకొస కొక్కేనికి కట్టకుండా,
కింద పట్టుకునే మనిషి లేకుండా ఎక్కొద్దు.
ఆ కరెంటు తీగ కనబడుతోందా?
దానికి ఈ లోహమంటే మహా ఇష్టం.

మూలనున్న చెక్కది మా మామగారిది.
రంగు వేస్తానన్నావు నిన్న. మంచి మనసే గానీ
రంగు పగుళ్లని దాస్తుంది, తల్లీ.
నూనె పట్టించు, చాలు.
పగులు కనబడితేనే కదా మనం ఎక్కడం మానేది.

ఇదిగో, తోటలోకి మనది ఇది. మూడు కాళ్లది.
గడ్డిలో నాలుగు కాళ్లకి ఎప్పుడూ తగువే,
ఒకటి అలిగి గాల్లో ఉంటుంది.
మూడింటికి ఆ గొడవ లేదు.
మూడో కాలు ఎప్పుడూ వాలుకి ఎగువన.
గొలుసు తగిలించావా? లాగి చూడు.
చూశానని చెప్పొద్దు, లాగు.

మొదటి మెట్టు మీద నిలబడి రెండుసార్లు కుదుపు.
నేల ఒప్పుకుందో లేదో అప్పుడు తెలుస్తుంది,
కింద ఎలుక కన్నం ఉంటే కాలు దిగబడుతుంది.
పొట్ట రెండు నిలువుల మధ్యే ఉండాలి.
చివరి రెండు మెట్లూ పాదాలకి కావు,
మోకాళ్లు ఆనించుకోడానికి.

నా ఎడమ మణికట్టు చూశావుగా,
సూపు గిన్నె కూడా సరిగ్గా వంచలేను.
ఎంత ఎత్తు నుంచి పడ్డావని అందరూ అడుగుతారు.
ఏం చెప్పను?
రెండో మెట్టు మీంచి.
తెల్లారి నుంచి పదో మెట్టు మీద నిలబడ్డదాన్ని.
ఒక్క పండు జానెడు దూరంలో ఉంది,
ఎర్రగా, నా కోసమే పండినట్టు.
దిగి, జరిపి, మళ్లీ ఎక్కాలి,
పాతిక లెక్కపెట్టేలోపు అయిపోయే పని.
చెయ్యి చాచాను.

తంతే బూరెల గంపలో పడ్డట్టు కాదు గానీ
పడ్డది గంపలోనే, కోసిన పండ్ల మీద.
యాభై నలిగాయి.
తోకుజి ముందు పండ్లకేసి చూశాడు,
తర్వాత నాకేసి.
ఆ వరస నేనింకా మర్చిపోలేదు.

నువ్వు పడవల మీద పెరిగినదానివి,
ఎత్తంటే భయం. తెలుసు, ఉండనీ.
భయం పోయిన రోజు నాతో చెప్పు,
ఆ రోజు నిన్ను కిందే ఉంచి గంపలు మోయిస్తాను.
రోజుకి రెండొందలసార్లు దిగుతావు.
దిగినందుకు ఎవరూ మెచ్చుకోరు.

చిటారు కొమ్మన ఆ ఒక్కటీ వదిలెయ్యి.
చెట్టుకుండాలని మా అత్తగారు వదిలేవారు,
పిట్టలకంటాడు పక్కతోట మత్సునో.
నేనైతే
దాన్ని కోయాలంటే చివరి మెట్టు తొక్కాలి గనక.

ఊఁ, ఎక్కు.
సంచి మెడలో వేసుకో, చేతులు రెండూ ఖాళీగా ఉండాలి.
కిందికి చూడకు.
కాదు, చూడు. ఒక్కసారి చూసి ఎక్కు.
అడుగు మెట్టు మీద నా బూటు ఆనించే ఉంచాను.